ఆ ఫొటోలో ఉన్నది మీ కారు కాదు

ప్రశ్న: నేను కూకట్‌పల్లిలో ఉంటాను. ఒక ప్రైవేటు పాఠశాలలో ఉపాధ్యాయురాలిని, జీతం నెలకు రూ.36,000. మా వారు ఇంటీరియర్ పనుల వ్యాపారం చేస్తారు. కారు నా పేరున ఉంది. గత అయిదు నెలల్లో అవుటర్ రింగ్ రోడ్డు మీద అతివేగానికి మూడు ఈ-చలాన్లు వచ్చాయి. ఒక్కొక్కటి రూ.1,035. మొదటిసారి నేనే నడిపాను, వేగం 134 అని ఉంది. రెండోసారి మా వారు నడిపారు, వేగం 127 అని ఉంది కానీ మీటరులో 120 దాటలేదని ఆయన అంటున్నారు. మూడోది ఒక మంగళవారం ఉదయం 11.20కి శంషాబాద్ దగ్గర పడింది. అప్పుడు నేను బడిలో ఉన్నాను, కారు సెల్లార్‌లో ఉంది. మూడూ కలిపి రూ.3,105 కట్టేసి వదిలించుకుందామని మా వారు, రాయితీ ప్రకటించేదాకా ఆగమని మా తమ్ముడు, కోర్టుకు వెళ్లమని మా సహోద్యోగి చెబుతున్నారు. సంక్రాంతికి ఈ కారును ఎక్స్ఛేంజ్‌లో ఇచ్చి, రుణం తీసుకుని కొత్తది కొనాలనుకుంటున్నాం. వీటివల్ల సిబిల్ స్కోరు తగ్గుతుందా? మూడు చలాన్ల ఫొటోలు, ఆర్సీ నకలు, మా కారు ఫొటో జతచేశాను.

జవాబు: మీ చుట్టూ ఉన్న ముగ్గురు మూడు సలహాలు ఇచ్చారు కానీ, మూడు చలాన్లనూ ఒకే మూటగా చూడడంలో మాత్రం ముగ్గురూ ఒకటే. మొదటి రెండింటికీ మూడోదానికీ సంబంధం లేదు. మూడో చలాన్‌తో జతచేసిన ఫొటోను మరోసారి పెద్దది చేసి చూడండి. నంబరు అక్షరం పొల్లుపోకుండా మీదే, రంగు కూడా మీ కారులాగే తెలుపు. అయితే మీది డిక్కీ లేని చిన్న కారు, ఫొటోలోని కారుకు వెనక డిక్కీ స్పష్టంగా కనిపిస్తోంది. నా దగ్గరకు వచ్చేవారిలో మ్యూచువల్ ఫండ్ ఖర్చుల్లో పావలా తేడాను భూతద్దంతో వెతికేవారు చాలామంది ఉన్నారు. చలాన్ వస్తే కట్టాల్సిన మొత్తం చూసి విసుక్కుని కట్టేసేవారే తప్ప, దాని పక్కనున్న ఫొటోను తెరిచి చూసినవారు నాకు అరుదుగా తారసపడ్డారు.

ఇలాంటి పొరపాట్లు రెండు రకాలుగా జరుగుతాయి. కెమెరా వెనకనున్న సాఫ్ట్‌వేర్ 3ను 8గానో, 1ని 7గానో చదివి, ఎవరిదో చలాన్‌ను మీ ఖాతాలో వేయడం మొదటి రకం. అప్పుడు ఫొటోలోని పలకకూ చలాన్‌లోని నంబరుకూ తేడా కనిపిస్తుంది, ఒక్క ఫిర్యాదుతో విషయం తేలిపోతుంది. మీది రెండో రకం. పలక మీదున్న నంబరే మీది, బండి వేరొకరిది. అంటే మీ నంబరు తగిలించుకుని మరో కారు ఈ నగరంలో తిరుగుతోంది. ఈ స్థితిలో ప్రశ్న రూ.1,035 గురించి కాదు. ఇవాళ అది కట్టేస్తే, ఆ కారు తిరిగినన్నాళ్లూ దాని జరిమానాలు మీకే వస్తాయి. అంతకన్నా పెద్ద ప్రమాదం, ఆ కారు ఎవరినైనా గుద్ది వెళ్లిపోతే పోలీసులు ముందుగా మీ ఇంటికే వస్తారు, పరిహారం కోరే నోటీసు మీ బీమా కంపెనీకే వెళుతుంది. అప్పుడు మీ దగ్గర ఉండాల్సింది, ఈ సంగతిని ముందే రాతపూర్వకంగా తెలియజేశానని చెప్పే రసీదు.

కాబట్టి మూడో చలాన్‌ను కట్టవద్దు. జరిమానా కట్టడమంటే మోటారు వాహనాల చట్టంలోని 200వ సెక్షన్ కింద రాజీ చేసుకుని ఆ వ్యవహారాన్ని అక్కడితో ముగించుకోవడం. కట్టాక అది నాది కాదని చెప్పి డబ్బు వెనక్కి తెచ్చుకోవడం ఎంత కష్టమో వేరే చెప్పనక్కరలేదు. పోరాడాలనుకున్న చలాన్‌ను ‘ముందు కట్టేసి తర్వాత చూద్దాం’ అనుకోవడం అన్నిటికన్నా ఖరీదైన దారి.

రుజువుల సంగతికి వస్తే, మీ చేతిలో ఉన్న బలమైన కాగితం ఒకటుంది, దాన్ని మీరు ప్రస్తావించనే లేదు. అవుటర్ రింగ్ రోడ్డు మీద ఎక్కిన చోటును, దిగిన చోటును బట్టి టోల్ పడుతుంది. మీ కారుకు ఫాస్టాగ్ ఉంటే, దాన్ని ఇచ్చిన బ్యాంకు నుంచి ఆ మంగళవారానికి ముందు రెండు రోజులు, తర్వాత మూడు రోజులు కలిపి స్టేట్‌మెంట్ తీసుకోండి. టోల్ డబ్బు కోత ఒక్కోసారి ఆలస్యంగా పడుతుంది కాబట్టి ఆ ఒక్కరోజుది మాత్రమే చాలదు. ఆ రోజుల్లో రింగ్ రోడ్డు టోల్ ఏదీ లేకపోతే, మీ ట్యాగ్ ఆ దారిన వెళ్లలేదన్నమాట. ఇది ఒక్కటే తిరుగులేని సాక్ష్యం కాదు, ట్యాగ్ లేకుండా వెళ్లారని ఎవరైనా అనవచ్చు. దానికి మీ పాఠశాల హాజరు నమోదు, ఆర్సీలోని మోడల్ పేరు, మీ కారును ముందునుంచీ వెనకనుంచీ తీసిన ఫొటోలు తోడైతే కాదనడానికి పెద్దగా ఏమీ మిగలదు. హై సెక్యూరిటీ నంబరు పలక ఉంటే దాని మీద చెక్కి ఉన్న లేజర్ సంఖ్యను కూడా దగ్గరగా ఫొటో తీయండి. అపార్ట్‌మెంట్ గేటు దగ్గరి సీసీ కెమెరా దృశ్యాల కోసం మాత్రం ఈ ఉత్తరం చదివిన రోజే వాచ్‌మన్‌నో సంఘం కార్యదర్శినో అడగండి. చాలా చోట్ల కొన్ని వారాలు దాటితే పాత దృశ్యాల మీద కొత్తవి ఎక్కేస్తాయి.

వీటన్నిటినీ జతచేసి రెండు చోట్ల ఇవ్వాలి. తెలంగాణ పోలీసుల ఈ-చలాన్ పోర్టల్‌లో చలాన్ నంబరుతో ఫిర్యాదు నమోదు చేయడం మొదటిది. ఫొటోలోని వాహనం మోడల్‌కూ ఆర్సీలోని మోడల్‌కూ ఉన్న తేడాను మొదటి వాక్యంలోనే చెప్పండి, మిగతా కథంతా తర్వాత. చలాన్ మీద అది ఏ కమిషనరేట్ పరిధిలో పడిందో ఉంటుంది కాబట్టి, జవాబు ఆలస్యమైతే అక్కడి ట్రాఫిక్ కార్యాలయానికి కాగితాలతో స్వయంగా వెళ్లవచ్చు. రెండోది, మీ ఇంటి పరిధిలోని పోలీసు స్టేషన్‌లో నకిలీ నంబరు పలక గురించి రాతపూర్వక ఫిర్యాదు ఇచ్చి, ముద్ర వేసిన రసీదు తీసుకోవడం. చాలామంది మొదటిది చేసి ఊరుకుంటారు. డబ్బు లెక్కన చూస్తే రెండోదే ముఖ్యం, మొదటిది ఒక్క చలాన్‌ను రద్దు చేయిస్తుంది, రెండోది రాబోయేవాటికి అడ్డుగా నిలుస్తుంది.

అప్పటికీ విషయం తేలక కోర్టు దాకా వెళితే భయపడనక్కరలేదు. న్యాయ సేవల అధికార సంస్థల చట్టం, 1987లోని 12వ సెక్షన్ ప్రకారం మహిళలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయ సహాయం అందుతుంది. కారు మీ పేరున ఉంది కాబట్టి ఆ హక్కు మీకుంది. 15100కు ఫోన్ చేస్తే వివరాలు చెబుతారు.

ఇక మొదటి రెండు. 2023లో రింగ్ రోడ్డు మీద గరిష్ఠ వేగాన్ని గంటకు 100 కిలోమీటర్ల నుంచి 120కి పెంచారు, ఎడమ వరుసల్లో పరిమితి అంతకన్నా తక్కువ. 134తో వెళ్లానని మీరే ఒప్పుకుంటున్నారు, ఫొటోలో కారూ మీదే. దాన్ని కట్టేయండి. 127 విషయంలో మీ వారి వాదనను నేను కొట్టిపారేయను. కార్ల మీటర్లను సాధారణంగా అసలు వేగం కన్నా కాస్త ఎక్కువ చూపేలాగే తయారుచేస్తారు, అందువల్ల మీటరు నిజంగా 120 దగ్గర ఉంటే అసలు వేగం ఇంకా తక్కువే అయి ఉండాలి. చిక్కల్లా, నెలల కిందట ఒక క్షణంలో మీటరు ఎంత చూపిందన్నది జ్ఞాపకమే తప్ప రుజువు కాదు. ఫాస్టాగ్ వేళలను బట్టి సగటు వేగం 95 అని తేల్చినా ఉపయోగం లేదు. సగటున 95తో వెళ్లిన కారు ఒకచోట 127 అందుకోవచ్చు.

కెమెరా సరైనదేనా అని అడిగే హక్కు మాత్రం మీకుంది. 2021 ఆగస్టులో కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో చేర్చిన 167ఎ ప్రకారం, ఇలాంటి పరికరానికి రాష్ట్ర ప్రభుత్వం నియమించిన అధికార సంస్థ ఇచ్చిన ఆమోద ధ్రువపత్రం ఉండాలి, దాన్ని ఏటా పునరుద్ధరించాలి. కెమెరాలతో నిఘా ఉందని తెలిపే బోర్డులు ముందుగా పెట్టాలి. చలాన్‌లో పలక కనిపించే ఫొటో, పరికరం కొలిచిన వేగం, తేదీ, సమయం, స్థలం ఉండాలి. నోటీసు 15 రోజుల్లోగా పంపాలని కూడా ఆ నిబంధన చెప్పింది. సమాచార హక్కు చట్టం కింద రూ.10 రుసుముతో దరఖాస్తు పెట్టి, ఆ తేదీన ఆ పరికరానికి చెల్లుబాటులో ఉన్న ధ్రువపత్రం నకలు అడగవచ్చు, మామూలుగా 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. పత్రం గడువు దాటి ఉంటే మీ వారి వాదనకు అప్పుడు కాళ్లు వస్తాయి. ఖర్చు పది రూపాయలే కాబట్టి ఆయనకు పట్టుదల ఉంటే అంతవరకు వెళ్లమనండి.

ఆ పత్రం సక్రమంగా ఉంటే మాత్రం కోర్టు మెట్లు ఎక్కవద్దు. మీ జీతం ప్రకారం ఒక్కరోజు సెలవు విలువే రూ.1,200, అంటే జరిమానా కన్నా ఎక్కువ. ఒక్క వాయిదాతో తేలుతుందన్న భరోసా లేదు. పైగా మోటారు వాహనాల చట్టంలోని 183వ సెక్షన్ ప్రకారం కారు వంటి తేలికపాటి వాహనానికి అతివేగం రుజువైతే కోర్టు విధించగల జరిమానా రూ.1,000 నుంచి రూ.2,000 వరకు. ఓడితే కట్టాల్సింది పెరగవచ్చు. రెండోసారి అదే నేరం రుజువైతే లైసెన్సును స్వాధీనం చేసుకునే వీలూ ఆ సెక్షన్‌లోనే ఉంది. లైసెన్సు నడిపినవారిది కాబట్టి, ఏ చలాన్ నాడు కారు ఎవరు నడిపారన్నది ఎక్కడైనా రాసి పెట్టుకోండి. 133వ సెక్షన్ కింద పోలీసులు అడిగితే ఆ వివరం చెప్పాల్సిన బాధ్యత యజమానిగా మీదే.

మీ తమ్ముడు చెప్పే రాయితీ ఉత్త మాట కాదు. 2022 మార్చిలో కార్లకు 50 శాతం, 2023 డిసెంబరు 26న మొదలైన విడతలో 60 శాతం తగ్గించారు, ద్విచక్ర వాహనాలకు ఇంకా ఎక్కువ. ఆ రెంటికీ మధ్య దాదాపు ఇరవై రెండు నెలల దూరం ఉంది, మరొకటి ఎప్పుడన్నది ఎవరి చేతిలోనూ లేని సంగతి. మీకు రెండు చలాన్ల మీద మిగిలేది మహా అయితే రూ.1,200. దానికోసం పెండింగ్ చలాన్లతో కారును ఎక్స్ఛేంజ్‌కు తీసుకువెళితే, డీలరు ముందుగా తెరిచేది ఆ పోర్టల్‌నే. బకాయిని, దానితోపాటు తన ‘చూసుకునే ఖర్చు’నూ కారు ధరలోంచి కోసేస్తాడు. రాయితీ మొత్తం ఆ ఒక్క బేరంలోనే పోతుంది.

సిబిల్ గురించి దిగులు వద్దు. క్రెడిట్ బ్యూరోలకు సమాచారం ఇచ్చేవి బ్యాంకులు, రుణ సంస్థలు. ట్రాఫిక్ చలాన్ రుణం కాదు, అది ఆ నివేదికలోకి ఎక్కదు. అయితే దాన్ని క్రెడిట్ కార్డుతో కట్టి ఆ బిల్లును మరచిపోతే ఎక్కుతుంది. మీ వారు కారు ఖర్చులను వ్యాపార ఖర్చుల్లో చూపించే అలవాటు ఉన్నవారైతే మరో మాట: చట్టాన్ని ఉల్లంఘించినందుకు కట్టిన జరిమానాను ఆదాయపు పన్ను చట్టం వ్యాపార ఖర్చుగా ఒప్పుకోదు. పెట్రోలు బిల్లుల మధ్య దాన్ని దూర్చవద్దని ఆయనకు చెప్పండి.

కట్టేటప్పుడు ఒక జాగ్రత్త. చలాన్ పేరుతో వాట్సాప్‌లో వచ్చే ఏపీకే ఫైలును (ఫోన్‌లోకి యాప్‌ను ఎక్కించే ఫైలు) తెరిచి, బ్యాంకు ఖాతా ఖాళీ చేసుకున్నవారు మన నగరంలో ఉన్నారు. సందేశంలోని లింకును నొక్కకుండా, చిరునామా చివర జీఓవీ డాట్ ఇన్ ఉన్న పోలీసు పోర్టల్‌ను మీరే తెరిచి వాహనం నంబరు కొట్టి చూడండి, లేదా మీ-సేవకు వెళ్లండి. పొరపాటున అలాంటి ఫైలు తెరిచి డబ్బు పోతే ఆ గంటలోనే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి. ఆర్సీకి జతచేసిన మొబైల్ నంబరు ఇప్పుడు వాడుతున్నదేనా అన్నది కూడా సరిచూసుకోండి, పాత నంబరు ఉండిపోతే నాలుగో చలాన్ వచ్చినా మీకు తెలియదు.

ఎక్స్ఛేంజ్ నాటికి మూడో చలాన్ ఇంకా తేలకపోతే, దాని ఫిర్యాదు నకలునూ స్టేషన్ రసీదునూ డీలరుకు చూపించండి. ఆ మొత్తాన్ని పట్టి ఉంచుకుంటానంటే ఒప్పుకోండి, చలాన్ రద్దయితే తిరిగి ఇస్తానని కాగితం మీద రాయించుకోండి. యాజమాన్య బదిలీకి వాడే ఫారం 29, 30 మీద సంతకాలు చేసి తాళాలు ఇచ్చేయడంతో మీ పని అయిపోదు. కారు అప్పగించిన తేదీ, సమయం ఉన్న రసీదు తీసుకుని, 14 రోజుల్లోగా రవాణా కార్యాలయానికి ఆ బదిలీ సంగతి తెలియజేయాలి. ఆర్సీలో పేరు మారేవరకు రికార్డుల్లో యజమాని మీరే కాబట్టి, కొత్త కారు వచ్చాక కూడా కొన్నాళ్లపాటు వారానికోసారి పాత నంబరును పోర్టల్‌లో కొట్టి చూస్తూ ఉండండి. అప్పుడు కనిపించే ఫొటోలో డిక్కీ ఉన్న కారుంటే, అది ఎవరిదో వెతకాల్సిన పనిని ఆ పాత రసీదుతోనే పోలీసులకు గుర్తుచేయవచ్చు.