బుజ్జీ, కరెంటు రాగానే స్విచ్ వెయ్యకు

అక్కయ్యపాలెం,
విశాఖపట్నం.

చి. బుజ్జికి పెద్దమ్మ ఆశీస్సులు.

ఈ ఉత్తరం టైపు చేసి ప్రింటు తీసి పంపుదామనుకున్నాను. మూడు నెలలుగా వాడలేదని ప్రింటర్‌లో నల్ల ఇంకు గడ్డకట్టుకుపోయింది. నాలుగుసార్లు హెడ్ క్లీనింగ్ కొడితే, మిగిలిన రంగులు కాస్తా ఆ క్లీనింగే తాగేసింది. కొత్త కార్ట్రిడ్జ్‌లు కొందామంటే వాటి ధర దాదాపు ప్రింటర్ ధరంత ఉంది. ముప్పై ఏళ్లు కంప్యూటర్ల ముందు కూర్చున్నదాన్ని, ఆఖరికి బాల్‌పెన్నుతో రాస్తున్నాను. నవ్వుకో. ఫోన్‌లో చెబితే "సరే పెద్దమ్మా, సరే పెద్దమ్మా" అని పెట్టేస్తావు. వాట్సాప్‌లో పెడితే నీలం టిక్కులు పడతాయే తప్ప చదివావో లేదో తెలీదు. కాగితమైతే కనీసం మడిచి ఎక్కడో ఒకచోట పెడతావు.

నిన్న మీ అమ్మ ఫోన్ చేసింది. రుషికొండలో ఉద్యోగం, సాగర్ నగర్‌లో గది, రెండు నెలల జీతం దాచి పార్టులు కొని కంప్యూటర్ నువ్వే బిగించుకుంటున్నావట. "రెడీమేడ్‌ది కొనుక్కోక ఎందుకక్కా ఈ గోల, వీడికి నీ పిచ్చే అంటుకుంది" అంది. నాకు లోపల్లోపల ఎంత గర్వంగా అనిపించిందో దానికి చెప్పలేదులే. ఆ తరవాత ఇంకో రెండు సంగతులు చెప్పింది. బల్ల కిటికీ పక్కనే, సముద్రం కనబడేలా వేశావట. ఫోటోలూ వీడియోలూ అన్నీ కొత్త కంప్యూటర్‌లోకి దింపేసి, నెలనెలా కట్టే క్లౌడ్ డబ్బులు ఆపేస్తావట. మొదటిదానికి కోపం వచ్చింది. రెండోదానికి రాత్రంతా నిద్ర పట్టలేదు.

బిగించడం గురించి నేను చెప్పేదేముంది, వీడియోలు చూసే ఉంటావు. ప్రాసెసర్ కూర్చునే సాకెట్‌లో పిన్నులు తాకకు. ప్రాసెసర్ మీద వేడి లాగే పేస్టు బఠాణీ గింజంత చాలు, పెనానికి నూనె పూసినట్టు పూయకు. ర్యామ్ రెండు ముక్కలైతే ప్రాసెసర్ వైపు నుంచి లెక్కపెట్టి రెండో గాడిలో ఒకటి, నాలుగో గాడిలో ఒకటి. ఇత్తడి స్టాండులు బిగించకుండా మదర్‌బోర్డును కేబినెట్ రేకు మీద పెట్టకు. గ్రాఫిక్స్ కార్డు వేస్తే మానిటర్ కేబుల్ ఆ కార్డుకే తగిలించు. బోర్డుకి తగిలించి "డిస్‌ప్లే రావట్లేదు పెద్దమ్మా" అని అర్ధరాత్రి ఫోన్ చెయ్యకు. డబ్బు తక్కువైతే ఆ రంగురంగుల లైట్లు మానెయ్యి కానీ, లోపల అన్నిటికీ కరెంటు అందించే ఎస్‌ఎంపీఎస్ దగ్గర పీనాసితనం వద్దు. కేబినెట్‌తో పాటు ఊరికే ఇచ్చేది అసలే వద్దు.

ద్వారకానగర్‌లో కొంటావు కదా, బిల్లు చేతికి రాగానే అక్కడే నిలబడి ఫోటో తీసుకో. ఈ మధ్య బిల్లులన్నీ థర్మల్ కాగితం మీదే వస్తున్నాయి. మూడేళ్ల వారంటీ వస్తువుకి ఏడాది తిరక్కుండానే తెల్లకాగితమైపోయే బిల్లు! అన్నట్టు, వెయ్యి జీబీ అని కొన్న డిస్కు విండోస్‌లో 931 చూపిస్తుంది. తయారుచేసేవాళ్లు వెయ్యితో లెక్కపెడతారు, విండోస్ 1024తో లెక్కపెడుతుంది. ఇది తెలీక ఒకప్పుడు షాపువాడితో అరగంట పోట్లాడాను. పాపం అతనికీ తెలీదు, తగ్గినదానికి ఒక పెన్ను ఇచ్చి పంపించాడు.

ఇంకొకటి. మీ స్నేహితుడెవరో పాత విండోస్ 10 వేస్తానన్నాడట. దానికి మామూలు అప్‌డేట్లు 2025 అక్టోబరు 14తో ఆగిపోయాయి. వద్దని చెప్పు.

ఇక ఆ కిటికీ సంగతి. నాయనా, సముద్రం చూడాలనుంటే బయటికెళ్లి చూడు. కంప్యూటర్‌కి చూపించకు. మన డీటీపీ సెంటర్ 1997లో మొదలుపెట్టింది పెదవాల్తేరులో, బీచ్‌కి నడిచిపోయేంత దూరంలో. శుభలేఖలకి ట్రేసింగ్ పేపర్ మీద లేజర్ ప్రింట్లు తీసి ఇచ్చేవాళ్లం. ఏడాదిలో కేబినెట్ స్క్రూలకి తుప్పు పట్టింది. వర్షాకాలం పొద్దున్నే స్విచ్ వేస్తే తెర నల్లగా ఉండి, బీప్ బీప్ అని ఒకటే గోల. ర్యామ్ తీసి వెలుతురులో పెట్టి చూస్తే ఆ బంగారు పళ్ల మీద మసక పొర కనబడేది. పెన్సిల్ రబ్బరుతో ఒకే వైపుకి మెల్లగా రుద్ది, పొడిని బ్రష్‌తో దులిపి పెడితే మళ్లీ లేచేది. నోటితో ఊదకు, తేమ అంటుకుంటుంది. ఉప్పు గాలి, దుమ్ము, చెమ్మ, ఈ మూడూ కలిస్తే బోర్డు మీద కరెంటు తోవ తప్పుతుంది. లోపలి గోడకి బల్ల వేసుకో. వానాకాలంలో పని లేకపోయినా రోజూ కాసేపు నడిపిస్తే ఆ వేడికి లోపల ఆరుతుంది. మీ అమ్మ కుట్టిస్తానన్న గుడ్డ కవరు మాత్రం నడుస్తున్నప్పుడు కప్పకు. దాని మనసు నొప్పించకుండా తీసుకుని, చల్లారాక కప్పుకో.

మీ గదిలో ప్లగ్గుకి మూడో కన్నం ఉందా? ఉంటుందిలే. ఆ కన్నం వెనక తీగ ఉందా? అది చూడు ముందు. అద్దె ఇళ్లలో చాలాచోట్ల ఉత్తి కన్నమే. ఎర్త్ లేకపోతే ఎస్‌ఎంపీఎస్ నుంచి కాస్త కాస్త కరెంటు కేబినెట్ రేకులోకి వస్తుంది, చెయ్యి తగిలితే జివ్వుమంటుంది. "కొంచెమే కదా" అని చెప్పులేసుకుని నెట్టుకొచ్చేస్తారు మీ కుర్రాళ్లు. ఎలక్ట్రీషియన్ని పిలిచి ఫేజుకీ ఎర్త్‌కీ మధ్య బల్బు పెట్టి చూపించమను. నిండుగా వెలగాలి. ఇంటాయన ఖర్చు పెట్టనంటే ఫోన్ నాకివ్వు, నేను మాట్లాడతాను. అది అయ్యేదాకా కంప్యూటర్‌కి ప్లగ్గు పెట్టావంటే మాత్రం ఊరుకోను.

ఇప్పుడు అసలు సంగతి. ఇది మీ అమ్మకి కూడా పూర్తిగా తెలీదు.

2011 వేసవిలో మీ అమ్మమ్మని మంచం మీద కూర్చోబెట్టి, హెడ్‌సెట్ మైకు ఆవిడ నోటి దగ్గర పెట్టి, రోజుకి కాసేపు రికార్డు చేశాను. పద్నాలుగు ఫైళ్లు. దంపుడు పాటలు, పెళ్లిలో బువ్వం బంతి పాట, నాకూ మీ అమ్మకీ పాడిన లాలి, భీమిలిలో వాళ్ల చిన్నప్పటి కబుర్లు. ఒకదాంట్లో పాట మధ్యలో కుక్కర్ విజిల్ వేస్తుంది. ఆవిడ పాట ఆపకుండానే "మూడయ్యాయే, దించు" అని మళ్లీ రాగం అందుకుంటుంది. ఇంకోదాంట్లో నువ్వు "అమ్మమ్మా, ఇంకా ఎంతసేపు" అంటావు. మరుసటి ఏడు ఆవిడ పోయింది.

వాటిని నేను అశ్రద్ధ చెయ్యలేదు. రెండో కాపీ ఉండాలని తెలుసు, అందుకే ప్రత్యేకంగా ఇంకో హార్డ్ డిస్కు కొన్నాను. కొని ఎక్కడ పెట్టాను? అదే కేబినెట్‌లో, మొదటి డిస్కు కిందే, నాలుగు వేళ్ల దూరంలో. ఎంత తెలివైనదాన్నో చూశావా!

2014 అక్టోబరు 12, ఆదివారం, హుద్‌హుద్ తుఫాను. నీకు గుర్తుండే ఉంటుంది. ముందు ఒక వైపు నుంచి గాలి, మధ్యలో కాసేపు ఏమీ లేనట్టు నిశ్శబ్దం, తరవాత అవతలి వైపు నుంచి అంతకంతా గాలి. ఆ ముందురోజే ప్లగ్గులన్నీ పీకి, కేబినెట్‌ని రెండు పొరల ప్లాస్టిక్ కాగితంలో చుట్టి, వంటింటి అటక మీద పెట్టాను. కిటికీ అద్దాలు పోయాయి, హాల్లో చీలమండ లోతు నీళ్లు నిలిచాయి, కంప్యూటర్ మీద చుక్క పడలేదు. తరవాత కరెంటు లేదు, ఫోన్ లేదు, పెట్రోలు కోసం లైన్లు. డాబా ఎక్కి చూస్తే కైలాసగిరి పచ్చదనం పోయి గోధుమరంగులో ఉంది. నా మనసు మాత్రం ఆ డబ్బా మీదే. అది పని చేస్తోందో లేదో చూసుకోవాలి, అంతే.

తొమ్మిదో రోజు సాయంత్రం వీధిలో కేక వినబడింది, కరెంటొచ్చిందని. స్తంభం దగ్గర లైన్‌మన్ ఇంకా దిగనేలేదు. "అమ్మా, ఒక గంట ఏటీ వెయ్యకండి, లైను కుదురుకోనివ్వండి" అని అరిచి మరీ చెప్పాడు. నా చెవులతో నేను విన్నాను బుజ్జీ. విని లోపలికొచ్చి, డబ్బా దింపి, కాగితం విప్పి, ప్లగ్గు పెట్టాను. స్పైక్ బస్టర్ ఉందిగా అనుకున్నాను.

కంప్యూటర్ లేచింది. విండోస్ బొమ్మ వచ్చింది. "హమ్మయ్య" అనుకునేలోపు నెత్తి మీద బల్బు తెల్లగా, కళ్లు చెదిరేంత తెల్లగా అయింది. ఫ్యాను హోరున తిరిగింది. కేబినెట్‌లోంచి టప్‌మని చప్పుడు, కాలిన వాసన. వీధి లైనులో ఎక్కడో న్యూట్రల్ తీగ తెగింది. అది తెగితే 230 వోల్టులు రావాల్సిన ఇంటికి ఒక్కోసారి 400 దగ్గరిదాకా వచ్చేస్తుంది. స్పైక్ బస్టర్ క్షణంలో వచ్చిపోయే ఉప్పెనని ఆపుతుంది కానీ, వచ్చి నిలబడిపోయే హై వోల్టేజ్‌ని ఆపలేదు. పక్కింట్లో టీవీ పోయింది, ఎదురింట్లో ఫ్రిజ్ పోయింది. మా ఇంట్లో రెండు డిస్కులూ ఒకేసారి పోయాయి.

అక్కడితో చేతులు ముడుచుకుని కూర్చున్నా బాగుండేది. మర్నాటి నుంచి నా తెలివితేటలు మొదలయ్యాయి. అదే మోడల్ పాత డిస్కు ఒకటి సంపాదించి, దాని ఆకుపచ్చ బోర్డు విప్పి మొదటి డిస్కుకి బిగించాను. తిరిగింది, తిరిగి టిక్, టిక్, టిక్ అంది. ప్రతి డిస్కుకీ దాని సొంత లెక్కలు ఆ బోర్డు మీది చిన్న చిప్‌లో ఉంటాయని, ఆ చిప్ కూడా మార్చాలని అప్పటికి తెలీదు. తరవాత ఒక రిపేరు షాపులో ఇస్తే ఆ కుర్రాడు నా ముందే, ఫ్యాను కింద, మూత విప్పేశాడు. లోపల అద్దంలాంటి పళ్లెం. దాన్ని చదివే ముల్లు, హెడ్ అంటారు, దానిమీద ఎంత తక్కువ ఎత్తులో ఎగురుతుందో తెలుసా, మన కంటికి ఆనని దుమ్ము రేణువు కూడా దానికి బండరాయే. నేను వద్దనలేదు. ఆశగా చూస్తూ నిలబడ్డాను. పళ్లెం మీద సన్నటి గీత గుండ్రంగా పడింది.

మీ అమ్మ అడిగితే "హుద్‌హుద్‌లో పోయాయే" అన్నాను. వాననీళ్లు పడ్డాయనుకుంది. నేను సరిదిద్దలేదు. ఊరంతా ఏదో ఒకటి పోగొట్టుకున్న రోజుల్లో నాదీ అందులో కలిసిపోయింది. కానీ తుఫాను నా డబ్బాని ముట్టుకోలేదు. నేనే, ఒక్క గంట ఆగలేక.

నీ మీద ఇంత అరుస్తున్నది అందుకే. క్లౌడ్ ఆపకు. నెలకి రెండు టీ డబ్బులు. ఒక కాపీ నీ కంప్యూటర్‌లో, ఇంకోటి బయటి హార్డ్ డిస్కులో వేసి కూర్మన్నపాలెంలో మీ అమ్మ బీరువాలో. ఒకే గదిలో ఉన్నవి రెండైనా పదైనా ఒకటే లెక్క. అలా దాచిపెట్టేదానికి ఎస్‌ఎస్‌డీ, అంటే తిరిగే పళ్లెం లేకుండా చిప్‌లలో దాచేది, వద్దు, ఏళ్ల తరబడి కరెంటు తగలకపోతే దాంట్లో ఉన్నది చెరిగిపోవచ్చు. ఏటా ఆయుధ పూజ రోజున ఆ డిస్కు బయటికి తీసి, రెండు ఫైళ్లు తెరిచి చూడు. మన ఊరికి తుఫాన్లు కూడా ఇంచుమించు ఆ రోజుల్లోనే. బొట్టు కేబినెట్ పక్కకి పెట్టు, ఫ్యాను వైపు కాదు. ఒక ఏడాదంతా నా కంప్యూటర్ కుంకుమ పీల్చింది.

కరెంటు పోయి వస్తే మెయిన్ దగ్గర కాసేపు ఆగు. బల్బు ఒకటి వేసి, దాని వెలుగు మామూలుగా ఉందా అని చూసి అప్పుడు మిగతావి. యూపీఎస్ ఉన్నా సరే. చాదస్తం అనుకో, పర్లేదు.

రెండో డిస్కు నా దగ్గరే ఉంది. బిస్కెట్ల డబ్బాలో, సిలికా పొట్లాలతో. దాన్ని ఎవ్వరినీ ముట్టుకోనివ్వలేదు, నేనూ ముట్టుకోలేదు. చాలా డిస్కుల్లో కరెంటు వచ్చే చోటే ఒక చిన్న డయోడ్ ఉంటుందని, హై వోల్టేజ్ వస్తే తాను షార్ట్ అయిపోయి మిగతాదాన్ని కాపాడుతుందని ఈమధ్యే చదివాను. చదివి చాలా రోజులైంది కానీ డబ్బా తెరవడానికి ధైర్యం చాలడం లేదు. నువ్వు వచ్చి బోర్డు మీద కొలిచి చూడు, అంతవరకే. షార్ట్ అయినా కాకపోయినా, మిగతా పని దుమ్ము చొరని శుభ్రమైన గదిలో డిస్కులు విప్పి డేటా తీసేవాళ్లకే ఇద్దాం. ఎంతైనా ఇస్తాను. మూత మీద మాత్రం స్క్రూడ్రైవర్ పెట్టావో, చెయ్యి విరగ్గొడతాను.

ఆదివారం రా. మీ అమ్మని కూడా తీసుకురా, దానికి నేనే చెప్పాలి. కొత్త పార్టులు కూడా పట్టుకురా, ఇక్కడ ఎర్త్ బాగుంది, నేనే దగ్గరుండి వేయించాను. బల్ల ఖాళీ చేసి ఉంచుతాను. నీకిష్టమని పనసపొట్టు కూర చేస్తాను. నా మల్టీమీటర్‌లో బ్యాటరీ అయిపోయింది, తొమ్మిది వోల్టులది ఒకటి దారిలో కొనుక్కురా.

ఇట్లు,
మీ పెద్దమ్మ