తొలి కోతకు వెళ్లే మేనల్లుడికి

చిరంజీవి మేనల్లుడికి, అత్త ఆశీస్సులు.

మీ నాన్న కాఫీ తోటను ఈ ఏడు నీకు అప్పగించాడని విని ఎంతో సంతోషించాను. బ్రెజిల్‌లో యంత్రం వరుసలకు వరుసలు దులిపేస్తున్న వీడియో పంపి, మనమూ కొమ్మకొమ్మంతా ఒకేసారి దూసేస్తే కూలి ఖర్చు తగ్గుతుంది కదా అని అడిగావు. వద్దు నాయనా.

అక్కడ యంత్రం తిరిగే తోటలు చదును నేలలో ఉంటాయి. చెట్లను ఎండలోనే బారులు తీర్చి పెంచుతారు. పచ్చివీ పండువీ కలిసి రాలినా తర్వాత యంత్రాలతోనే వేరు చేసుకుంటారు. మన అరకు తోటలు వాలు మీద, సిల్వర్ ఓక్ నీడన ఉన్నాయి. మార్చి, ఏప్రిల్ జల్లులకు విడతలు విడతలుగా పూస్తాయి కాబట్టి కోతల కాలంలో ఒకే గుత్తిలో ఎరుపు, పసుపు, పచ్చ కాయలు కలిసి కనిపిస్తాయి. కొలంబియా కొండ రైతులూ మనలాగే చేత్తో ఏరుకుంటారు. నవంబరు నుంచి జనవరి దాకా ఒక్కో చెట్టు దగ్గరికి మూడు నాలుగు సార్లు వెళ్లక తప్పదు.

నిండు ఎరుపు తిరిగిన పండునే కొయ్యి. వేళ్ల మధ్య నొక్కితే గింజలు జారి బయటికి రావాలి. పచ్చికాయ పల్పర్‌లో, అంటే పండు తొక్క ఒలిచే యంత్రంలో, సరిగా ఒలవదు; వేయించినా పాలిపోయి, కప్పు మొత్తం రుచి చెడగొడుతుంది. కొమ్మను గుంజకు. వచ్చే ఏటి కాపు ఆ లేత కొమ్మ మీదే రావాలి.

కోసిన పండును రాత్రి నిల్వ ఉంచవద్దు. ఒక ఏడు పొద్దుపోయిందని నేను బస్తాల్లోనే వదిలేశాను. తెల్లారి చెయ్యి పెడితే లోపల వేడి, పుల్లటి వాసన! ఆ సరుకంతా సగం ధరకు పోయింది. అయిదారు కిలోల పండుకు ఒక కిలో గింజ వస్తుంది. ఒక్క రాత్రిలో ఎంత చాకిరీ పోయిందో నువ్వే లెక్క వేసుకో. ఆ రోజే నీళ్లలో వేసి, తేలినవి తీసేసి, పల్పర్ పట్టించు. తర్వాత గింజల మీది జిగురు విడిచేదాకా నానబెట్టు. ఎన్ని గంటలని నన్ను అడగవద్దు; చలి ముదిరితే ఒకటిన్నర రోజు కూడా పడుతుంది. గింజలు చేత్తో రుద్దితే గులకరాళ్లలా గరగరలాడాలి, అప్పుడు కడుగు. తొక్కలు మాత్రం గెడ్డలో పారబోయకు. కింది ఊళ్లవాళ్లు ఆ నీళ్లే వాడుకుంటారు. గుంతలో వేస్తే తోటకు ఎరువవుతుంది.

ఆరబోత నేల మీద వద్దు, ఎత్తైన వలల మీద చెయ్యి. పలుచగా పరిచి తిప్పుతూ ఉండు, మంచు దిగకముందే కప్పు. తేమ పన్నెండు శాతానికి దిగకుండా బస్తాకెత్తితే బూజు పడుతుంది.

చివరి కోత అయ్యాక చెట్టు మీద మిగిలినవీ, కింద రాలినవీ ఒక్కటి కూడా వదలకుండా ఏరు. కాయతొలుచు పురుగు వాటిలోనే దాక్కుని మళ్లీ కాపు మీద పడుతుంది. ఒళ్లు అలిసిపోయిన రోజుల్లో వచ్చే పని ఇది, అందుకే చాలామంది వదిలేస్తారు. నువ్వు వదలకు.

సంక్రాంతికి వస్తాను. నువ్వు ఆరబెట్టిన గింజను పంటికింద పెట్టి నేనే చూస్తాను.

మీ అత్త