ఆగస్టు ఇస్తే జనవరి వచ్చింది.. సాఫ్ట్‌వేర్ వదిలేయమంటారా?

ప్రశ్న: మాది నరసరావుపేట. 2023లో బీటెక్ ఈసీఈ పూర్తిచేశాను. ఆరు నెలలుగా అమీర్‌పేటలో జావా నేర్చుకుంటున్నాను. ఈమధ్య ఒక ఇంటర్వ్యూలో ‘05/08/2024’ అనే తేదీని ‘2024-08-05’గా మార్చే ప్రోగ్రామ్ రాయమన్నారు. రాస్తే ఆగస్టు పోయి జనవరి వచ్చింది. ఎందుకని అడిగితే చెప్పలేకపోయాను. అక్కడితో పంపించేశారు. ‘తేదీ మార్చడం కూడా రానివాడివి, సాఫ్ట్‌వేర్ నీకెందుకు, బ్యాంకు పరీక్షలకు చదువుకో’ అంటున్నారు నాన్న. ఏం చేయమంటారు?

జవాబు: మీ ప్రోగ్రామ్ చూడకుండానే తప్పెక్కడుందో ఊహించగలను. తేదీని చదివించే చోట ‘డీడీ, ఎంఎం, వైవైవైవై’ అని మొత్తం స్మాల్ లెటర్స్‌లో రాసి ఉంటారు. జావాలో తేదీలను చదివి, రాసిపెట్టే పాత సాధనం సింపుల్‌డేట్‌ఫార్మాట్. దానికి క్యాపిటల్ ఎం అంటే నెల, స్మాల్ ఎం అంటే నిమిషం. మీరిచ్చిన 08ని అది ఎనిమిది నిమిషాలనుకుంది. నెల సంగతి ఎవరూ చెప్పలేదు కాబట్టి తనంతట తానే జనవరి వేసుకుంది. మీ కోడ్‌లో ఆ తేదీని ఏ ఫార్మాటూ ఇవ్వకుండా ప్రింట్ చేసి చూడండి. 2024 జనవరి 5, శుక్రవారం, అర్ధరాత్రి 12 గంటల 8 నిమిషాలు అని వస్తుంది. పోయిందనుకున్న ఆగస్టు ఆ ఎనిమిది నిమిషాల్లోనే ఉంది.

ఇంకో తమాషా చెప్తాను. తిరిగి రాయించే చోట కూడా మీరు స్మాల్ ఎం వాడి ఉంటే తెర మీద ‘2024-08-05’ అనే వచ్చేది! లోపల మాత్రం జనవరే ఉండేది. ఇంటర్వ్యూ చేసినవాళ్లకూ అనుమానం వచ్చేది కాదేమో. రెండు తప్పులు కలిసి ఒక ఒప్పయి, ఆ కోడ్ రేపు ప్రాజెక్టులోకి వెళ్లి, డేటాబేస్‌లో అందరి తేదీలనూ జనవరిలో పెట్టేది. అంతకంటే ఇంటర్వ్యూలో దొరికిపోవడమే నయం.

మీరు పోగొట్టుకున్నది ఒక అక్షరం దగ్గరే అయినా, అక్షరాలు బట్టీ పట్టమని మాత్రం చెప్పను. పైథాన్‌కు వెళ్తే ఇదే తలకిందులవుతుంది. అక్కడ స్మాల్ ఎం నెల, క్యాపిటల్ ఎం నిమిషం. ఒరాకిల్ డేటాబేస్‌లో నిమిషాలకు ‘ఎంఐ’ అని వేరే గుర్తే ఉంది. ఎన్నని గుర్తుపెట్టుకుంటారు? అర్థం చేసుకోవలసింది ఒకటే. ‘05/08/2024’ తేదీ కాదు, పది అక్షరాలు. ఆ అక్షరాలను తేదీగా మార్చడం ఒక పని, దాన్ని పార్సింగ్ అంటారు. ఆ తేదీని మనకు కావలసిన రూపంలో మళ్లీ రాయడం ఇంకో పని, అది ఫార్మాటింగ్. అవుట్‌పుట్ తేడాగా వస్తే ముందు తప్పు ఈ రెండింటిలో ఎక్కడుందో చూడాలి. మీరు ‘ఎందుకో తెలియదండీ, కానీ పార్సింగ్ అయ్యాక తేదీ ఎలా ఉందో ఒకసారి ప్రింట్ చేసి చూస్తాను’ అని ఉంటే బహుశా ఇంకో పది నిమిషాలు కూర్చోబెట్టేవారు.

అసలు కోడ్ మొదలుపెట్టకముందే అడగాల్సిన ప్రశ్న ఒకటుంది: ఈ తేదీ రాసింది ఎవరు? మనకది ఆగస్టు 5. అమెరికావాళ్లు నెల ముందు రాస్తారు కాబట్టి వాళ్లకు మే 8. హైదరాబాద్‌లో చాలా టీములు అమెరికా క్లయింట్లకే పనిచేస్తాయి. ఫ్రెషర్ ఈ మాట అడిగితే ఎదుటివాళ్లు తప్పకుండా గమనిస్తారు.

ఇది చిన్న విషయమేగా అని నాన్నగారు అనుకుంటే ఈ లెక్క చెప్పండి. ఒక ప్రభుత్వోద్యోగి జూన్ 2న పుట్టారు. నియమం ప్రకారం ఆయన రిటైరయ్యేది జూన్ నెలాఖరున. అదే 1వ తేదీన పుట్టినవాళ్లయితే అంతకుముందు నెలాఖరునే, అంటే మే 31నే దిగిపోవాలి. మన టైమ్ యూటీసీ (ప్రపంచమంతా ప్రామాణికంగా తీసుకునే టైమ్) కంటే ఐదున్నర గంటలు ముందుంటుంది కదా. జూన్ 2 అర్ధరాత్రి సున్నా గంటలను యూటీసీలోకి మారిస్తే జూన్ 1 సాయంత్రం ఆరున్నర అవుతుంది. ఎవరో టైమ్ తీసేసి తేదీ ఒక్కటే ఉంచారనుకోండి, పుట్టినరోజు జూన్ 1 అయిపోయింది. ఒక నెల జీతం గల్లంతు. అందుకే పుట్టినతేదీలాంటివి టైమ్‌జోన్ జోలికి పోకుండా తేదీ ఒక్కటే ఉంచే జావా లోకల్‌డేట్‌లో పెట్టాలి.

ఈ లోకల్‌డేట్, సింపుల్‌డేట్‌ఫార్మాట్‌కు బదులుగా వాడే డేట్‌టైమ్‌ఫార్మాటర్ 2014లో జావా 8తో వచ్చాయి. చాలా కోచింగ్ నోట్సుల్లో ఇంకా పాతవే నడుస్తున్నాయి, మీ దగ్గరున్నవీ అవే అయి ఉంటాయి. పాతది ఫిబ్రవరి 31ని కిక్కురుమనకుండా మార్చి మొదటివారంలోకి జరిపేస్తుంది. కొత్తది కూడా మన ఫార్మాట్ ఇచ్చి మామూలుగా వాడితే ఫిబ్రవరి నెలాఖరుకు సర్దేస్తుంది. స్ట్రిక్ట్ అని పెట్టి, సంవత్సరానికి వై బదులు యూ వాడితే సరైన తేదీలను ఒప్పుకుని, ఇలాంటివాటికి ఎర్రర్ ఇస్తుంది. ఇది పుస్తకంలో చదివి వదిలేయకండి, రాసి చూడండి. అలాగే క్యాపిటల్ వైతో 2024 డిసెంబర్ 31ని ప్రింట్ చేయండి. 2025 వస్తుంది. క్యాపిటల్ వై అంటే వారాలను బట్టి లెక్కించే సంవత్సరం, ఆ వారం 2025 కిందికి వస్తుంది. ఇలాంటివి పది రోజులు స్వయంగా చేస్తే చాలు, తేదీల గురించి మిమ్మల్ని ఇరుకున పెట్టడం కష్టం.

ఇక బ్యాంకు పరీక్షల సంగతి. ఐబీపీఎస్ పీవోకు జనరల్ అభ్యర్థులకే 30 ఏళ్ల వరకు అవకాశం ఉంది. మీకు ఇంకా ఐదారేళ్ల టైముంది, ఆ తలుపు ఇప్పుడే మూసుకుపోదు. ఒక్క ఇంటర్వ్యూ చూసి దారి మార్చుకోవద్దనే నా సలహా. అలాగని గడువు లేకుండా అమీర్‌పేటలో కూర్చోవడమూ మంచిది కాదు, ఖర్చు నాన్నగారిది. నాలుగు నెలలు అడగండి. ఆ నాలుగు నెలల్లో కనీసం పదిహేను ఇంటర్వ్యూలకు వెళ్లండి, ప్రతిదాంట్లో ఎక్కడ ఆగిపోయారో ఆ రాత్రే నోట్‌బుక్‌లో రాయండి. నాలుగో నెల చివర ఆ నోట్‌బుక్ ముందు పెట్టుకుని నాన్నగారితో మళ్లీ మాట్లాడండి. ప్రతిసారీ ఒకే చోట ఆగిపోతుంటే అప్పుడు బ్యాంకు పుస్తకాలు తెరవచ్చు. మొదటి పేజీలో స్మాల్ ఎం సంగతి రాసుకోండి.