చిన్నీకి, నాట్యం మొదలుపెట్టే ముందు

చిన్నీ,

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసి, "అక్కా, ఇది నలభై ఒకటో ఏట కూచిపూడి నేర్చుకుంటానంటోంది" అని చెప్పింది. నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆ తర్వాత నిద్ర పట్టలేదు. సగం సంతోషం, సగం టెన్షన్. టెన్షనంతా నీ మోకాళ్ళ గురించే.

చిన్న సంగతులు ముందు చెప్పేస్తాను. తిన్న రెండు గంటల తర్వాతే క్లాసుకి వెళ్ళు. పైజమా మీద కట్టుకునే నూలు ప్రాక్టీస్ చీర కొనుక్కో. ఆఫీసు నుంచి తిన్నగా వెళ్ళినా పది నిమిషాలు నడిచి, ఒళ్ళు వేడెక్కాకే అరమండిలో, అంటే మోకాళ్ళు పక్కలకి వంచి సగం కూర్చునే భంగిమలో, కూర్చో.

అరమండికి చాలామంది పాదాలు పక్కలకి తిప్పేస్తారు. తిరగాల్సింది తుంటి దగ్గర. తుంటి ఎంత తిరిగితే పాదం అంతే. కిందికి చూసుకుంటే మోకాలు పాదం వేళ్ళ వైపే ఉండాలి, లోపలికి వాలకూడదు. పదేళ్ళ పిల్ల కూర్చున్నంత కిందికి నువ్వు కూర్చోనక్కర్లేదు.

ఇంత గట్టిగా ఎందుకు చెప్తున్నానో నీకు తెలీదు. మీ అమ్మకి కూడా పూర్తిగా చెప్పలేదు.

1994లో, నాకు 36 ఏళ్ళప్పుడు, బెజవాడలో మా వీధి చివర ఒక మాస్టారి దగ్గర చేరాను. నేను తప్ప అందరూ గౌన్ల పిల్లలే. ఆయన తట్టుకర్రతో తాళం వేస్తుంటే వాళ్ళు మూడు కాలాల్లోనూ, అంటే మూడు వేగాల్లోనూ, అవలీలగా అడుగులు వేసేవాళ్ళు. నేను రెండో కాలానికే ఆయాసపడేదాన్ని. సిగ్గేసేది. ఆ సిగ్గుతోనే పంతం పట్టాను. మీ పెదనాన్న ఆఫీసుకి వెళ్ళగానే సిమెంటు గచ్చు మీద రోజూ గంటన్నర. పాదం మొత్తం ఆన్చి కొడితే ఫెళ్ళుమనేది. ఆ చప్పుడు విని అడుగు కుదిరిందని మురిసిపోయేదాన్ని. ఆ దెబ్బంతా తిరిగి మోకాలికే వస్తుందని తెలీలేదు.

రెండు నెలలకి కుడి మోకాలి చిప్ప కింద సలుపు మొదలైంది. మెట్లు దిగుతుంటే కలుక్కుమనేది. రాత్రి అమృతాంజనం రాసి, గుడ్డ చుట్టుకుని పడుకుని, తెల్లారి ఆ వాపుని కుచ్చిళ్ళ కింద దాచుకుని వెళ్ళేదాన్ని. మాస్టారు రెండుసార్లు అడిగారు, "కాలు నొప్పా అమ్మా?" అని. లేదన్నాను. ఆ పిల్లల ముందు ఒప్పుకోబుద్ధి కాలేదు. మొదటిసారి కాలికి గజ్జె కట్టే గజ్జెపూజ పది రోజులుందనగా అరమండిలోంచి లేవలేకపోయాను. ఇద్దరు పిల్లలు చెరో చెయ్యీ పట్టుకుని లేపారు. డాక్టరు ఆర్నెల్లు ఆగమన్నాడు. ఆర్నెల్లు కాస్తా నాలుగేళ్ళయ్యాయి. ఈలోగా మాస్టారు ఊరు మారిపోయారు.

ఆయన చూడ్డానికి వచ్చినప్పుడు, "ఒక్క మాట చెప్పుంటే కూర్చోబెట్టి తాళం వేయించేవాణ్ణి కదమ్మా" అన్నారు. ఆ మాట ఇప్పటికీ గుచ్చుకుంటుంది. నిజమే కదా, ఈ విద్యలో కూర్చుని నేర్చుకునేది ఎంతో ఉంది. ఒంటి చేత్తో పట్టే ముద్రలు, అసంయుత హస్తాలే 28. తల కదలికలు, శిరోభేదాలు 9. చూపులు, దృష్టిభేదాలు 8. జతులు, అంటే అడుగుల లయని చెప్పే పలుకులు, నోటితో చెబుతూ చేత్తో తాళం వెయ్యడం అలవడాలంటేనే నెలలు పడుతుంది. చిన్నప్పుడు మా నాన్న భుజాల మీంచి ఆడవేషాలకి పేరుపడ్డ కూచిపూడి కళాకారుడు వేదాంతం సత్యనారాయణ శర్మగారి సత్యభామ వేషాన్ని చూశాను. మగమనిషి అంటే నమ్మలేదు. నాకు ఆయన అడుగులు గుర్తులేవు. జడ పట్టుకుని ఓరగా చూసిన ఆ చూపు మాత్రం గుర్తుంది.

అందుకని, తొడలూ పిక్కలూ నొప్పెడితే భయపడకు, రెండు మూడు రోజుల్లో పోతుంది. కీలు లోపల సలిపినా, వాచినా ఆ నిమిషంలోనే టీచరుకి చెప్పు. క్లాసు నిండా పిల్లలున్నా సరే, అందరూ వినేలా చెప్పు. మీ ఫ్లాటులో టైల్స్ మీద అడుగులు కొట్టావని తెలిస్తే ఊరుకోను. జంబుకానా పరుస్తానంటావేమో, అది జారుతుంది. ఇంట్లో చేతులు, చూపు, తాళం చాలు. చిన్నప్పటినుంచీ నీది నా మొండితనమే అంటారు అందరూ. ఇన్నాళ్ళూ ఆ మాట వింటే గర్వంగా ఉండేది. నిన్న రాత్రి మాత్రం భయమేసింది తల్లీ.

ఆ గజ్జెపూజకి కొన్న గజ్జెలు ఇంకా నా దగ్గరే ఉన్నాయి. తాడు పాడైంది. పొద్దున్నే మువ్వలు చింతపండుతో తోమి కొత్త తాడుకి గుచ్చడం మొదలుపెట్టాను. ఇప్పుడే పంపను. మీ టీచరు గజ్జె కట్టమన్న రోజు ఫోన్ చెయ్యి, నేనే తీసుకుని హైదరాబాదు వస్తాను. ముందు నువ్వు మెట్లు దిగడం చూసి, ఆ తర్వాతే నీ చేతిలో పెడతాను.

నీ పెద్దమ్మ