పునరుద్ధరణా, మరమ్మతా, బాగుచేయడమా?

సందేహం: మూలనపడ్డ క్రాలర్ బుల్డోజర్ (టైర్ల బదులు గొలుసు పట్టాల మీద నడిచేది) ఒకదాన్ని రెండేళ్లు కష్టపడి నడిచే స్థితికి తెచ్చాను. ఛాసీ ఒక బండిది, ఇంజిన్ ఇంకో బండిది, గొలుసులు మూడో బండివి. ఆ పని గురించి వ్యాసం రాసి ‘మిశ్రమ విడిభాగాలతో పాకే బుల్డోజర్ యొక్క పునరుద్దరణ’ అని పేరు పెట్టాను. మూడు బండ్ల ముక్కలు కలిపితే అది పునరుద్ధరణ ఎలా అవుతుంది, ‘మరమ్మత్తు’ అనాలని ఒక మిత్రుడు అన్నాడు. ఇంకొకరు ‘జీర్ణోద్ధరణ’ బాగుంటుందన్నారు. ఏది సరైనది? స్టార్టింగ్‌కి వాడే పోనీ మోటర్‌ని ‘గుర్రప్పిల్ల ఇంజిన్’ అనవచ్చా?

సమాధానం: ముందు అక్షరాల సంగతి తేల్చుకుందాం, అది చిన్న పని. మీరు రాసిన ‘పునరుద్దరణ’లో ఒత్తు జారింది. ఉత్ + హరణ కలిస్తే ఉద్ధరణ. త్, హ రెండూ కలిసి ‘ద్ధ’ అయ్యాయి కాబట్టి ధకార ఒత్తు ఉండాల్సిందే. దాని ముందు పునః చేరితే, అచ్చు పరమైంది కనుక విసర్గ రేఫగా మారి ‘పునరుద్ధరణ’ అవుతుంది. కొందరు విసర్గనీ రేఫనీ రెంటినీ ఉంచి ‘పునఃరుద్ధరణ’ అని రాస్తారు, అది తప్పు. మీ మిత్రుడి ‘మరమ్మత్తు’ కూడా సరికాదు. అరబీ నుంచి వచ్చిన ఈ మాటకు తెలుగులో రూపం ‘మరమ్మతు’. ‘గమ్మత్తు’, ‘మత్తు’ల పక్కన తిరిగి తిరిగి దీనికీ ఆ ఒత్తు అంటుకుందేమో. ఇక ‘బుల్డోజర్ యొక్క’లో ‘యొక్క’ తీసేస్తే ఎవరికీ నష్టం లేదు.

ఇప్పుడు అసలు ప్రశ్న. మూడు బండ్ల ముక్కలు కలిపితే పునరుద్ధరణ కాదన్న వాదన మాట అర్థాన్ని బట్టి నిలవదు. ఉద్ధరణ అంటే పైకి తీయడం, పునరుద్ధరణ అంటే మళ్లీ పైకి తీయడం. పాత ముక్కలతోనే తీయాలన్న షరతు ఆ మాటలో ఎక్కడా లేదు. ‘విద్యుత్ సరఫరాను పునరుద్ధరించారు’ అని పేపర్లో చదువుతాం. తిరిగి వచ్చింది నిన్న పోయిన కరెంటేనా అని ఎవరూ అడగరు కదా! తిరిగొచ్చేది పని, వస్తువు కాదు.

అయితే మీ మిత్రుడి అనుమానంలో సగం న్యాయం ఉంది. పాత యంత్రాలంటే ఇష్టపడే వాళ్ల మధ్య ఈ మాటకు వేరే బరువు ఏర్పడింది. వాళ్ల లెక్కలో పునరుద్ధరించిన బండి అంటే ఫ్యాక్టరీ గేటు దాటిన రోజున ఎలా ఉందో అలా ఉన్నది: అదే రంగు, అదే ఇంజిన్, బండి మీదా ఇంజిన్ మీదా వేసిన నంబర్లన్నీ సరిపోవాలి. శీర్షిక చూసి అలాంటి బండి కోసం వచ్చిన పాఠకుడు మీ మూడో బండి గొలుసుల దగ్గర ‘ఇదేంటి’ అంటాడు. తప్పు వ్యాకరణంలో లేదు, పాఠకుడికి కలిగించిన ఆశలో ఉంది.

‘మరమ్మతు’ దీనికి పూర్తిగా చాలదు. ఒక లోపం వచ్చింది, దాన్ని సరిచేశారు, అది మరమ్మతు. రెండేళ్ల పనిని మరమ్మతు అంటే మీ చేతులకు అన్యాయం చేసినట్టు.

‘జీర్ణోద్ధరణ’ సూచించినవారు మాత్రం తెలిసి అన్నారో తెలియక అన్నారో గాని, ఒక ముచ్చటైన చోట చెయ్యి పెట్టారు. జీర్ణం అంటే శిథిలమైనది, అరిగిపోయినది. తిన్నది జీర్ణమైందనడమూ ఆ మాటతోనే. మన అచ్చ తెలుగు ‘అరుగు’ కూడా సరిగ్గా ఈ రెండు పనులూ చేస్తుంది. తిన్నది అరుగుతుంది, గొలుసు పిన్నూ అరుగుతుంది. సంస్కృతమూ తెలుగూ చుట్టాలు కాకపోయినా ఈ ఒక్క ఊహలో ఎంత దగ్గరగా ఉన్నాయో! అర్థం ప్రకారం మీ పనికి ఈ మాట అతికినట్టు సరిపోతుంది. కానీ వాడుకలో అది గుళ్లకూ కోనేళ్లకూ స్థిరపడింది. బుల్డోజర్ జీర్ణోద్ధరణ అంటే వినేవాళ్లకు కొబ్బరికాయ గుర్తొస్తుంది. సరదాగా రాసే వ్యాసమైతే వాడండి.

నా ఓటు ‘బాగుచేయడం’కే. ఎంత పని చేశారో, ఏ ముక్క ఎక్కడిదో అది ముందే తేల్చి చెప్పదు. చిన్న పనికీ పెద్ద పనికీ సరిపోతుంది. మీరే ఉత్తరంలో ‘నడిచే స్థితికి తెచ్చాను’ అని రాశారు, శీర్షిక దగ్గరికి వచ్చేసరికి భయపడి సంస్కృతం వెనక దాక్కున్నారు!

‘పాకే బుల్డోజర్’ ఎందుకు కుదరలేదో చూడండి. ‘పాకే పాప’ అంటే పాప ఇప్పుడు పాకే వయసులో ఉందని. ‘పాకే బుల్డోజర్’ అన్నా అలాగే, త్వరలో లేచి నడుస్తుందేమో అనిపిస్తుంది. ఇంగ్లిషులో ‘క్రాలర్’ అంటే పాకేదే, అక్కడ ఈ బండిని పురుగుతో పోల్చారు. అమెరికాలోని కాలిఫోర్నియాలో బెంజమిన్ హోల్ట్ 1904లో చక్రాలకు బదులు గొలుసు పట్టాలు తగిలించిన ట్రాక్టర్‌ను పరీక్షించాడు. దాని నడక చూసి గొంగళిపురుగులా ఉందని ఒక ఫొటోగ్రాఫర్ అన్నాడట. ఆ ‘క్యాటర్‌పిల్లర్’ మాటే పేరైంది, 1925లో హోల్ట్, బెస్ట్ కంపెనీలు కలిసినప్పుడు కంపెనీ పేరు కూడా అయింది. తెలుగు పనివాడు పురుగును చూడలేదు, కాళ్లను చూశాడు. ఒకటి చైన్ బండి, ఇంకొకటి టైర్ల బండి. ‘చైన్ డోజర్’ అన్నా ‘గొలుసు బుల్డోజర్’ అన్నా ఎవరికైనా వెంటనే బోధపడుతుంది.

‘బుల్డోజర్’ని మాత్రం అలాగే ఉంచండి. ఆ మాట యంత్రం కంటే పాతది. 1870లలో అమెరికాలో కొట్టి బెదిరించి ఓటర్లను లొంగదీయడాన్ని ‘బుల్డోజ్’ చేయడం అనేవారు. తర్వాతెప్పుడో అది ట్రాక్టర్ ముందు బిగించే పలకకు అంటుకుని, ఆపైన మొత్తం బండికి పాకింది. (చూశారా, ‘పాకు’ ఇక్కడ ఎంత సుఖంగా ఉందో.) ఇంకో సంగతి మీ మిత్రుడికి చెప్పండి. 1940ల మధ్య దాకా ట్రాక్టర్ ఒక కంపెనీది, ముందు పలక ఇంకో కంపెనీది కావడం మామూలే. అంటే కలగలుపు భాగాలు ఈ బండికి పుట్టుకతోనే ఉన్నాయి.

‘మిశ్రమ విడిభాగాలు’ నిఘంటువు చూసి పెట్టినట్టుంది. మిశ్రమ లోహం అన్న మాట మనకు అలవాటై ఉంది కాబట్టి, మిశ్రమ భాగం అనగానే రెండు లోహాలు కరిగించి పోసిన ముక్క అనుకుంటారు. మీ ముక్కలు విడివిడిగా మామూలువే, వాటి ఊళ్లు వేరు, అంతే. ‘అతుకుల బొంత’ అంటే పోలిక కుదురుతుంది గానీ చులకన ధ్వనిస్తుంది. మీ బండిని మీరు అనుకుంటే ముద్దు, పక్కవాడు అంటే గొడవ. ‘కలగాపులగం’లో గందరగోళం ఉంది, అలాంటి బండి స్టార్టవదు. ‘వేర్వేరు బండ్ల భాగాలతో’ అంటే సరిపోతుంది.

ఈ విషయంలో ఒక మెకానిక్ నాకు పాఠం చెప్పాడు. ఇలాంటి బండికి గొలుసు ఎక్కిస్తుంటే పక్కన నిలబడి చూశాను. స్ప్రాకెట్ (గొలుసును తిప్పే పళ్ల చక్రం) కొత్తది, గొలుసు ఎక్కడినుంచో తెచ్చిన పాతది. సగం తిప్పేసరికి గొలుసు బుషులు (పిన్నుల మీద ఉండే గొట్టాలు) పళ్ల మధ్య సరిగ్గా కూర్చోక, పళ్ల కొనలెక్కి టకటకమని జారుతున్నాయి. అతను బండి ఆపించి, చెయ్యి తుడుచుకుంటూ, ‘వీటికి పడదు సార్’ అన్నాడు. అత్తాకోడళ్ల గురించి అన్నట్టే అన్నాడు. కారణం అడిగితే గొలుసు సాగిందన్నాడు. నిజానికి సాగింది ఇనుము కాదు. పిన్నూ బుషూ లోపల అరగడం వల్ల ఒక పిన్నుకీ తర్వాతి పిన్నుకీ మధ్య దూరం పెరుగుతుంది. ఆ దూరాన్నే పిచ్ అంటారు. ఒక్కో లింకుకు 3 మిల్లీమీటర్లు పెరిగిందనుకుంటే, 36 లింకుల గొలుసు 108 మిల్లీమీటర్లు పొడవైనట్టే. కొత్త పళ్ల పిచ్ పాతది, పాత గొలుసు పిచ్ కొత్తది. పడక చస్తాయి!

పడదు, పొసగదు, కుదరదు, పొంతన లేదు. వేర్వేరు చోట్ల నుంచి వచ్చిన మనుషులను ఒక ఇంట్లో పెడితే ఏమవుతుందో చెప్పడానికి మనకున్న ఈ మాటలన్నీ వేర్వేరు బండ్ల ముక్కలకు అక్షరాలా పనికొస్తాయి. మీ వ్యాసంలో ‘అననుకూలత’ అని నాలుగు చోట్ల రాశారు. నాలుగింటినీ కొట్టేసి ఈ నాలుగూ పెట్టండి. అలాగే ‘గొలుసును తెంపి’ అన్నది ఇంగ్లిషు నుంచి దిగింది. గొలుసు రెండు కొసల్నీ కలిపే మాస్టర్ పిన్ను కొట్టి తీస్తే గొలుసు విడుతుంది, తెగదు. గొలుసు విప్పాను అంటే చాలు. తెగిందంటే అది వేరే ఖర్చు.

మిగిలింది గుర్రప్పిల్ల. పాత క్యాటర్‌పిల్లర్ డీజిల్ బండ్లలో పెద్ద ఇంజిన్‌ను తిప్పడానికి పక్కన చిన్న రెండు సిలిండర్ల పెట్రోల్ ఇంజిన్ ఉండేది. ముందు దాన్ని స్టార్ట్ చేస్తే, దాని వేడి నీళ్లు డీజిల్ ఇంజిన్‌లో తిరిగి అది కాస్త వెచ్చబడేది, తర్వాత క్లచ్ కలిపితే పెద్దది అందుకునేది. పోనీ అంటే గుర్రప్పిల్ల కాదు, పొట్టిజాతి గుర్రం. మనకు దానికి ‘తట్టువ’ అనే మాట ఉంది. అలాగని ‘తట్టువ ఇంజిన్’ అనమని నేను చెప్పను, అది చదివి ఎవరూ పెట్రోల్ ట్యాంకు మూత తెరవరు. ‘స్టార్టింగ్ ఇంజిన్’ అని రాయండి. ‘పోనీ’ అని ఒంటరిగా మాత్రం వదలకండి. మీ వ్యాసంలో ఒక వాక్యం ‘పోనీ పనిచేయకపోతే చేత్తో తిప్పాను’ అని ఉంది. నేను దాన్ని రెండుసార్లు చదివాను, మొదటిసారి మీరు విసుగుతో అన్నారనుకున్నాను.