పాత జంట గొట్టాల తుపాకిలో స్లగ్: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: మాది మదనపల్లె దగ్గర పల్లె, ఉద్యోగం రీత్యా బెంగళూరు కె.ఆర్.పురంలో ఉంటున్నాను. నాన్నగారికి పంట రక్షణ లైసెన్సు మీద ఉన్న 12 బోర్ జంట గొట్టాల తుపాకి ఇప్పుడు నా పేరుకు మారింది. ఇంగ్లండులో చేసినది, 1930ల నాటిదని చెబుతారు. కుడి గొట్టం మాడిఫైడ్, ఎడమది ఫుల్ చోక్ (మూతి దగ్గర గొట్టం ఇరుకయ్యే భాగం) అట. షూటింగ్ రేంజిలో స్లగ్ తూటాలు (చిన్న గుళ్లకు బదులు ఒకే పెద్ద సీసపు గుండు ఉండేవి) పేల్చి చూడాలని ఉంది. గొట్టం చీలిపోతుందని మామయ్య, ఏమీ కాదని షాపతను అంటున్నారు. ఎవరి మాట నమ్మాలి?

జవాబు: మామయ్యగారు భయపడినంత ప్రమాదమూ లేదు, షాపతను చెప్పినంత తేలికా కాదు. అయితే ఇద్దరూ వదిలేసిన ప్రశ్న ఒకటుంది: ఛాంబర్ (గొట్టంలో తూటా కూర్చునే వెనక భాగం) పొడవెంత? చోక్ సంగతి దాని తర్వాతే.

ఫోర్‌ఎండ్ (గొట్టాల కింద ముందుండే కర్ర) తీసి గొట్టాలు విడదీయండి. గొట్టాల అడుగున, వెనక వైపు చదునుగా ఉండే చోట ప్రూఫ్ ముద్రలు (గొట్టం బలం పరీక్షించి కొట్టిన గుర్తులు) ఉంటాయి. 1930ల ఇంగ్లిష్ తుపాకి అయితే ఛాంబర్ పొడవు అక్కడే కొట్టి ఉండాలి. 2½ అని ఉంటే అది 65 మి.మీ. ఛాంబర్. ఇప్పుడు దొరికే స్లగ్ తూటాలు చాలావరకు 70 మి.మీ.వి, అంటే 2¾ అంగుళాలు. తూటా డబ్బా మీద రాసే పొడవు పేలి విచ్చుకున్నాక ఉండే కొలత. మూతి మడిచిన కొత్త తూటా అంతకన్నా పొట్టిగా ఉంటుంది కాబట్టి 65 మి.మీ. ఛాంబర్‌లోకి ఇబ్బంది లేకుండా దూరుతుంది, తుపాకి కూడా మూసుకుంటుంది. పేలినప్పుడు మాత్రం ఆ మడత విచ్చుకుని ఛాంబర్ ముందున్న ఇరుకు కోన్‌లోకి పొడుచుకుపోతుంది. దారి బిగుసుకుని ఒత్తిడి పెరుగుతుంది. కాబట్టి ‘తూటా పట్టింది కదా’ అనే లెక్క ఇక్కడ పనికిరాదు. ముద్ర చెరిగిపోయి ఉంటే ఆర్మరర్ (తుపాకుల మెకానిక్) చేత ఛాంబర్ గేజ్ పెట్టించండి.

అదే చోట నైట్రో (పొగ రాని ఆధునిక మందు) ప్రూఫ్ ముద్ర ఉందేమో చూడండి. లేకపోతే ఆ గొట్టాలు పాత కాలపు నల్ల తుపాకిమందుకు పరీక్షించినవే అనుకోవాలి, స్లగ్ మాట మరచిపోవచ్చు. 1⅛ ఔన్సు అని కొట్టి ఉంటే గుళ్ల బరువు దాదాపు 32 గ్రాముల దాకా అని అర్థం. 28 గ్రాముల మామూలు వేగం స్లగ్ ఆ హద్దులోకే వస్తుంది. మాగ్నమ్ అని రాసిన డబ్బా ముట్టుకోవద్దు.

ఇక చోక్. 12 బోర్ గొట్టం లోపలి కొలత సుమారు 18.5 మి.మీ. మాడిఫైడ్ చోక్‌లో మూతి దగ్గర అది అర మిల్లీమీటరు, ఫుల్ చోక్‌లో దాదాపు ఒక మిల్లీమీటరు తగ్గుతుంది. అయితే పాత గొట్టాలన్నీ 18.5 ఉండవు, 18.2 ఉన్నవీ ఉన్నాయి, లోపల సాన పట్టించగా 18.8కి పోయినవీ ఉన్నాయి. అందుకే వెర్నియర్‌తో మూతి ఒక్కటే కొలిస్తే చోక్ తేలదు. వెనక నుంచి 9 అంగుళాల దూరంలో బోర్ గేజ్‌తో ఒక కొలత, మూతి దగ్గర మరొకటి తీసి, రెంటి తేడా చూడాలి. నాణెం మూతిలో దూరితే ఫుల్ చోక్ కాదనే చిట్కా అమెరికాది. అక్కడి డైమ్ 17.9 మి.మీ. కాబట్టి వాళ్లకు ఏదో ఒక అంచనా దొరుకుతుంది. మన 2011 నాటి యాభై పైసలు 19 మి.మీ., అసలు చోకే లేని గొట్టంలోనూ దూరదు.

తూటా ఎంపిక దగ్గర పొరబడే వాళ్లు ఎక్కువ. చోక్ ఉన్న నునుపు గొట్టానికి మెత్తని సీసపు స్లగ్ కావాలి: వెనక బోలుగా ఉండే ఫోస్టర్ రకం గానీ, వెనక వాడ్ (మందుకూ గుండుకూ మధ్య ఉండే అడ్డు) బిగించిన బ్రెన్నెకె రకం గానీ. వాటి ఒంటి మీద కనిపించే ఏటవాలు గీతలు స్లగ్‌ను గిరగిరా తిప్పడానికి అనుకుంటారు. తిరగడం నామమాత్రమే; చోక్‌లో నలిగేటప్పుడు సీసం సర్దుకోవడానికి ఆ గాళ్లలో చోటుంటుంది, అసలు ఉపయోగం అది. సాబో స్లగ్‌లు (ప్లాస్టిక్ తొడుగులో ఉండే సన్నని గుండ్లు) లోపల మెలిగీతలున్న రైఫిల్డ్ గొట్టానికి చేసినవి, మీకు వద్దు. గట్టి మిశ్రమంతో ఇంట్లో పోసుకున్న గుండ్లు అసలే వద్దు, అవి నలగవు. సరైన స్లగ్‌తో ఫుల్ చోక్ ఒక్క దెబ్బకు పగిలిపోవడం అరుదు. పదే పదే పేలిస్తే చోక్ సాగడం, దాని వెనక గొట్టం ఉంగరంలా ఉబ్బడం మాత్రం జరగవచ్చు. అందుకే స్లగ్‌కు కుడి గొట్టం, అంటే మాడిఫైడ్, వాడండి. ఎడమ దాన్ని గుళ్లకే ఉంచండి.

పేల్చే ముందు గొట్టాలను ట్యూబ్‌లైటు వైపు పెట్టి లోపల చూడండి. వెలుగు గీత ఎక్కడైనా తెగి, గుండ్రటి నీడ కనిపిస్తే అక్కడ ఉబ్బో నొక్కో ఉన్నట్టు. ఫోర్‌ఎండ్ తీసేసి తుపాకిని మూసి ఊపండి. కీలు దగ్గర కదిలితే ముందు గన్‌స్మిత్ దగ్గరికి. కర్ర మెడ దగ్గర వెంట్రుకంత పగులున్నా ఆగండి, స్లగ్ తన్నుడుకు అది విరుగుతుంది. ఎన్నికలప్పుడు పోలీస్ స్టేషన్లో అప్పగించి తెచ్చుకున్న తుపాకి అయితే తుప్పు ఖాయమనుకుని శుభ్రం చేశాకే ఈ పరీక్షలన్నీ.

రేంజిలో 25 మీటర్ల దూరంలో మూడడుగుల కాగితం పెట్టి, ఒక్క గొట్టంలో ఒక్క తూటా వేసి పేల్చండి. పాత తాళాలు, అంటే పేల్చే యంత్రాంగం, తన్నుడుకు అదిరి రెండో గొట్టం కూడా పేలవచ్చు. ప్రతి దెబ్బ తర్వాత తుపాకి విప్పి గొట్టంలోంచి వెలుగు చూడాలి. శబ్దం మందంగా వస్తే లోపల వాడ్ ఇరుక్కుందేమో చూడకుండా ఇంకో తూటా వేయకూడదు. ఐదు తూటాలయ్యాక మూతి మళ్లీ కొలవండి. 0.05 మి.మీ. పెరిగినా ఆ గొట్టానికి స్లగ్ పని ముగిసినట్టే. చోక్ మొదట్లో సీసం చారలు పడతాయి, సాల్వెంట్ పోసి కంచు బ్రష్‌తో తీయండి.

దెబ్బ పక్కకు పోతే కంగారు వద్దు. జంట గొట్టాలను గుళ్లకు సర్ది అతికిస్తారు, స్లగ్‌కు కాదు.

రేంజి వాళ్లను ముందే అడగండి. క్లే పావురాల (గాల్లోకి విసిరే మట్టి బిళ్లల) రేంజిలో చిన్న గుళ్లు 250 మీటర్ల లోపే రాలిపోతాయి, స్లగ్ కిలోమీటరు దాటగలదు. వెనక మట్టి గట్టు లేనిదే కుదరదు. లైసెన్సు చెల్లే ప్రాంతం ఆంధ్రప్రదేశ్ వరకే అయితే తుపాకిని బెంగళూరు తేవడమే నేరం. ముందు ప్రాంతం పొడిగింపు తీసుకోండి.

ప్రశ్న: మా తాతగారి తుపాకి గొట్టాల మీద ‘నాట్ ఫర్ బాల్’ అని ఉంది. స్లగ్ అంటే బాల్ కాదు కదా, వాడవచ్చా? (చెన్నై, అన్నానగర్)

జవాబు: వద్దు. చోక్ కొత్తగా వచ్చిన రోజుల్లో, 1875 నుంచి 1887 వరకు, చోక్ ఉన్న గొట్టాలకు ఇంగ్లిష్ ప్రూఫ్ హౌస్ ముద్ర అది. ఆ తర్వాత దాని బదులు ‘చోక్’ అనే కొట్టారు. అంటే మీది నల్ల తుపాకిమందు కాలపు తుపాకి. గొట్టాల మీద మెలికలు తిరిగిన చారల నమూనా ఉంటే డమాస్కస్, అంటే ఇనుము, ఉక్కు పట్టీలు మెలిపెట్టి చేసిన గొట్టం. ఇప్పటి నైట్రో తూటా, అది గుళ్లదైనా సరే, అందులో వేయకండి. గోడకు అలంకారమే అనుకున్నా లైసెన్సు బాధ్యత తప్పదు సుమా.

ప్రశ్న: చోక్ ఉన్న రెండంగుళాలూ కోయించేస్తే గొడవ వదులుతుందా? (బెంగళూరు, మారతహళ్లి)

జవాబు: ఆయుధాల చట్టం, 1959లోని 6వ సెక్షన్ ప్రకారం లైసెన్సు లేకుండా గొట్టం పొట్టి చేయడం నేరం. చట్టం సంగతి పక్కన పెట్టినా, గొట్టాల మధ్య అతికిన పట్టీ (రిబ్) చివర ఊడుతుంది, ముందు సైట్ పోతుంది. లోపల రీమర్ (లోహం తొలిచే పనిముట్టు) తిప్పి చోక్ సడలించడం మరో దారి. ముందు గోడ మందం కొలిపించాలి, లైసెన్సున్న గన్‌స్మితే చేయాలి, ఒకసారి తీసిన లోహం తిరిగి రాదు. మంచి చేతిపనికి పేరున్న తుపాకి అయితే దాని జోలికి పోకపోవడమే మా సలహా.

ప్రశ్న: ఇంట్లో 20 బోర్ తూటాలు కూడా ఉన్నాయి, ఒకే పెట్టెలో పెట్టవచ్చా?

జవాబు: పెట్టవద్దు. 20 బోర్ తూటా 12 బోర్ ఛాంబర్ దాటి జారి గొట్టంలో ఇరుక్కుంటుంది. వెనక నుంచి చూస్తే గొట్టం ఖాళీగా ఉన్నట్టే ఉంటుంది. పైన 12 బోర్ తూటా వేసి పేలిస్తే గొట్టం ఎడమ చేతి దగ్గరే బద్దలవుతుంది.