మిరపనారు పోస్తున్న మా అమ్మలుకి

అమ్మలూ,

మినియాపొలిస్‌లో నువ్వు ఇంట్లోనే మిరప, వంగ నారు పోస్తున్నావని మీ అమ్మ ఫోన్‌లో చెబితే ఎంత సంతోషమేసిందో. ఆ వెంటనే "అడుగున వేడికి ఏవో లైట్లు పెడుతుందట పెద్దక్కా" అంది, అప్పట్నుంచి నాకు మనసు మనసులో లేదు.

మట్టి గుల్లగా ఉండాలి, కప్పులకి చిల్లులుండాలి, గింజ పావు అంగుళం లోతు చాలు. మార్చి మధ్యలో పొయ్యి, మే నెలాఖర్లో వచ్చే మెమోరియల్ డే సెలవు దాటేదాకా బయట నాటకు.

మిరప గింజకి మట్టి 80 డిగ్రీల ఫారెన్‌హీట్ ఉంటే వారం పది రోజుల్లో మొలుస్తుంది, 60లో ఉంటే మూడు వారాల పైమాటే, ఈలోగా కొన్ని కుళ్ళిపోతాయి కూడా. ఇంట్లో హీటర్ 68 మీద ఉందిగా అనుకోకు, తడిమట్టి గదికన్నా చల్లగా ఉంటుంది, కిటికీ పక్కనైతే మరీను.

మేం న్యూజెర్సీ వచ్చిన ఆరో చలికాలం, ఏటా దాచుకుంటూ వచ్చిన గుత్తి వంకాయ గింజలు పోసి, ట్రే కింద పాతరకం క్రిస్మస్ బల్బుల దండ చుట్టి పెట్టాను. వేడి పోకూడదని పైన బొంత కప్పాను. పెట్టింది ఎక్కడ, బాబు పడుకునే గదిలో, ఇంట్లో అదే కాస్త వెచ్చగా ఉండేది. రాత్రి రెండింటికి గుడ్డ కమురు వాసనకి మెలకువొచ్చి పరిగెత్తితే, బొంత మీద అరచేయంత మాడిన మచ్చ, దాని మధ్యలోంచి సన్నగా పొగ, ట్రేలోంచి కారిన నీళ్ళు ప్లగ్గు దగ్గరిదాకా వచ్చేశాయి. మూడడుగుల దూరంలో వాడు నోరు తెరుచుకుని నిద్రపోతున్నాడు. వైరు పీకేసి, వాణ్ని ఒళ్ళో వేసుకుని తెల్లారేదాకా హాల్లో కూర్చున్నా. పొద్దున మట్టి తవ్వి చూస్తే గింజలు ఉడికిపోయి గోటికింద మెత్తగా చితికాయి. అన్నేళ్ళ విత్తనం పోయిందన్న బాధ కూడా ఆ రోజు నాకు కలగలేదు.

అందుకే ఆ లైట్లు వద్దంటే వద్దు. నడుంనొప్పి హీటింగ్ ప్యాడ్ కూడా వద్దు, అది తడికి పనికిరాదు. చదువుకున్నదానివి, ఇంకొకరు చెప్పాలా! ఓవెన్‌లో లైటు వేసి ట్రే అందులో పెడదామనుకుంటే అదీ వద్దు, ఎవరో ఒకరు చూసుకోకుండా ఓవెన్ ఆన్ చేస్తారు.

మీ తాతయ్య వడ్లు మండె కట్టినప్పుడు కరెంటు ఎక్కడుంది? నానబెట్టిన విత్తనం గోనెసంచిలో పోసి, గడ్డి కప్పి బరువు పెడితే తనంతట తానే వేడెక్కేది. ఆయన మోచేతిదాకా చెయ్యి దూర్చి చూసి, వేడి ఎక్కువైతే కాసిని నీళ్ళు చల్లేవాడు. నువ్వూ చేత్తోనే చూడు.

తడిపిన పేపర్ టవల్‌లో గింజలు చుట్టి జిప్ కవర్లో వేసి ఫ్రిజ్ మీద పెట్టు, అక్కడ గోరువెచ్చగా తగిలితేనే. లేదంటే థర్మాకోల్ పెట్టెలో రెండు వేన్నీళ్ళ సీసాలు పెట్టి పొద్దునా సాయంత్రం మార్చు, పైసా ఖర్చు లేదు. కొనాలంటే మొలకల కోసమే చేసిన 20 వాట్ల మ్యాట్ కొను, రోజంతా వేసినా అర యూనిట్ కాలదు. దాని మీద దుప్పట్లు మాత్రం కప్పకు. మొలక తల ఎత్తగానే వేడి తీసేసి వెలుతుర్లో పెట్టాలి, లేకపోతే సన్నగా సాగి పడిపోతాయి.

మొదటి మొలక కనబడగానే ఫోటో పంపు, అర్ధరాత్రైనా సరే. ట్రే మాత్రం పాప గదిలో పెట్టకు తల్లీ.

పెద్దమ్మ